పదమూడు దగ్గర ఆగిన ముల్లు

ఆ తెల్ల కారు మా షెడ్డుకు వచ్చిన రోజు నాకు పని చేయాలని లేదు. ఎండాకాలం మొదలైంది. నల్గొండలో ఆ నెలల్లో పొద్దున తొమ్మిదికే గుట్టల రాళ్లు కాగి ఊరంతా సెగ కొడతాయి. మాది రేకుల షెడ్డు. పైనుంచి రేకుల వేడి, కింద నూనె ఇంకిపోయిన నల్లటి నేల. నాకు అప్పటికి యాభై ఎనిమిదేళ్లు. మోకాళ్లు వంగడం ఎప్పుడో మానేశాయి. బండి కింద పడుకుంటే లేవడానికి బంపరు పట్టుకోవాల్సి వచ్చేది.

పని కూడా తగ్గిపోయింది. కొత్త కార్లలో కార్బరేటర్ ఉండదు. ఏదైనా చెడిపోతే కంపెనీ షోరూముకు పోతారు, అక్కడ కంప్యూటరుకు వైరు తగిలిస్తే అదే చెబుతుంది. నా దగ్గరికి వచ్చేవి పాత జీపులు, ఫంక్షన్ హాళ్ల జనరేటర్లు, ఎవరింట్లోనో తాత గుర్తుగా ఉంచుకున్న పాత కార్లు. పొద్దున షెడ్డు తాళం తీసి, టీ తాగి, ఎవరైనా వస్తారేమోనని కూర్చోవడం, ఎవరూ రాకపోతే బాగుండునని అనుకోవడం. రెండూ ఒకేసారి అనుకునేవాణ్ణి.

కారు నడుపుకొచ్చిన మనిషిని నేను ఎరుగుదును. సర్కారు ఆఫీసులో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద, నేను అన్నా అని పిలిచేవాణ్ణి. వాళ్లది కట్టంగూర్ పక్క పల్లె, గొర్రెలు కాసుకునే కుటుంబం. ఆ ఇంట్లోంచి స్టీరింగు పట్టిన మొదటి మనిషి ఆయనే. తెలంగాణ వచ్చి, కొత్త జిల్లాలు ఏర్పడ్డాక ఆఫీసర్లకు కొత్త బండ్లు వచ్చాయి. పాత తెల్ల అంబాసిడర్లను ఆఫీసు వెనక వేపచెట్ల కింద నిలబెట్టారు. టైర్లలో గాలి దిగిపోయి, అద్దాల మీద పిట్టలు రెట్టలు వేసి, రెండేళ్లకు వేలం పెట్టారు. ఆయన తాను ఇరవై రెండేళ్లు నడిపిన బండినే వేలంలో తెచ్చుకున్నాడు. ఆ పాత ఇనుము ఎందుకని ఇంట్లో అందరూ నవ్వారట. ఆయన దానికి రంగు వేయించి, సీట్లకు తెల్ల గుడ్డ కుట్టించి, పెళ్లిళ్లకు తిప్పడం మొదలుపెట్టాడు.

ఇప్పటి పిల్లలకు ఫోటోల కోసం పాత కారు కావాలి. పెళ్లికొడుకును విడిది నుంచి ఫంక్షన్ హాలు దాకా ఎదురుకోళ్లకు తీసుకుపోవడం దాని పని. అంటే పరుగెత్తే పని కాదు. అర కిలోమీటరు దారి గంటన్నర సేపు పోవాలి. ముందు బ్యాండు వాళ్లు, వాళ్ల ముందు ఎగిరే దోస్తులు. పది అడుగులు కదిలి పది నిమిషాలు ఆగాలి. అంతసేపూ ఇంజను మెల్లగా, ఒక్క తీరుగా తిరుగుతూ ఉండాలి. మేము దాన్ని స్లో అంటాం. కాలు తీసేసినా బండి బందు కాకుండా తిరిగే వేగం.

"స్లోల నిలుస్తలేదు తమ్మీ," అన్నాడు ఆయన. "రేస్ ఇస్తే మంచిగనే ఉంటది. కాలు తీస్తే రెండు నిమిషాలు వణికి బందయితాంది."

అది నాకు చిన్న పని. నలభై ఏళ్లుగా చేసిన పని. హైదరాబాదులో మా ఉస్తాద్ దగ్గర నేను నేర్చుకున్న మొదటి విద్య అదే. ఇంజను నడుస్తుండగా కళ్లు మూసుకుని, మిక్చర్ స్క్రూను పావు చుట్టు అటూ ఇటూ తిప్పుతూ, చప్పుడు ఎక్కడ గుండ్రంగా అవుతుందో అక్కడ ఆపడం. పెట్రోలు ఎక్కువైతే ఇంజను గొంతు బరువెక్కుతుంది. గాలి ఎక్కువైతే సన్నగా దగ్గుతుంది. రెండింటికీ మధ్యన ఒక చోటు ఉంటుంది. మా ఉస్తాద్ దగ్గర వాక్యూమ్ మీటరు ఉండేది, ఇంజను ఎంత గట్టిగా గాలి పీలుస్తోందో చూపే గుండ్రటి గడియారం లాంటిది. అది ఆయన ఎప్పుడూ వాడలేదు. నేను సొంతంగా షెడ్డు పెట్టుకునేటప్పుడు దాన్ని నా చేతికిచ్చి, "చెవి ఉన్నన్ని రోజులు దీంతోని పని లేదు," అన్నాడు. అది పనిముట్ల పెట్టె అడుగున అలాగే పడి ఉంది.

ఆ రోజు కళ్లు మూసుకుని స్క్రూ తిప్పాను. చప్పుడులో మార్పు తెలియలేదు. ఎటు తిప్పినా ఇంజను దూది పొట్లంలో పెట్టి నడిపినట్టే వినిపించింది. అర చుట్టు, ముప్పావు చుట్టు. ఆయన పక్కన నిలబడి చూస్తున్నాడు. చివరికి నేను ఇంకో స్క్రూ తిప్పి స్లో వేగాన్నే పెంచేశాను. బండి నిలిచింది. వణకలేదు.

"అయిపోయింది," అన్నాను.

అది రిపేరు కాదని నాకు తెలుసు. జ్వరం వచ్చిన మనిషికి దుప్పటి కప్పి పంపించడం లాంటిది. అలసటగా ఉంది, తొందరగా పోతే బాగుండునని పంపించాను.

నా చెవుల సంగతి ఇక్కడ చెప్పాలి. మూడేళ్ల ముందు నుంచే సన్న చప్పుళ్లు వినిపించడం మానేశాయి. మొదట ఫోను రింగు పోయింది. వానాకాలం కీచురాళ్లు అరవడం లేదని నేను మా ఆవిడతో అంటే ఆమె నా మొహం వైపు వింతగా చూసింది. ఒకసారి పాలు పొంగి మంట ఆరిపోయి, గ్యాసు బుస్సుమంటుంటే నేను పక్కనే కూర్చుని టీవీ చూస్తున్నాను. వాసన తగిలే లోపే ఆమె పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి కట్టేసింది. "చెవులు సూపెట్టుకో," అని ఆ రోజు నుంచి అంటూనే ఉంది. నేను వినలేదు. మెకానిక్కుకు చెవులు పోయాయని ఒక్క నోటి నుంచి బయటికి వస్తే చాలు, మిగిలిన ఆ నాలుగు పాత బండ్లు కూడా రావు. అందుకని ఒక అలవాటు చేసుకున్నాను. ఎదుటివాళ్లు చెప్పింది వినబడకపోతే "ఆఁ" అనేవాణ్ణి. చాలా మాటలకు ఆ జవాబు సరిపోతుంది.

పది రోజులకు ఆయన మళ్లీ వచ్చాడు. కట్టంగూర్‌లో పెళ్లి. ఫంక్షన్ హాలు వంద గజాలు ఉందనగా బండి బందయింది. సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగిపోయింది. పెళ్లికొడుకు ఎండలో షేర్వాణీతో కాసేపు కూర్చుని, ఇక ఓపిక లేక దిగి, ఎవరిదో మోటారు సైకిలు వెనక ఎక్కి పోయాడు. ఆ ఊరు ఆయన సొంతూరు పక్కనే. అందరూ తెలిసినవాళ్లే. పూలు కట్టిన కారును బంధువులు రోడ్డు పక్కకు నెట్టారు.

ఇదంతా ఆయన స్టూలు మీద కూర్చుని, నన్ను ఒక్క మాట అనకుండా చెప్పాడు. తిడితే నాకు కొంచెం సుఖంగా ఉండేది.

"సర్వీసుల ఇరవై రెండేండ్లు గీ బండి నడిపిన. నడిరోడ్డు మీద ఒక్కనాడు నన్ను నిలబెట్టలే," అన్నాడు. "అది ముసల్దయిందా, నేను ముసలోన్నయిన్నా అర్థమైతలేదు."

"బండిని నాలుగు రోజులు ఇడ్సిపెట్టు అన్నా," అన్నాను. "మొత్తం చూస్త."

నాలుగు రోజులు చూశాను. కార్బరేటర్ విప్పి కడిగి మళ్లీ బిగించాను. కొత్త ప్లగ్గులు వేశాను. వాల్వులను నొక్కే టాపెట్ల సందు సరిచేశాను. కార్బరేటర్ నుంచి ఇంజనుకు గాలి పోయే గొట్టానికి, ఇంజనుకు మధ్య ఉండే ప్యాకింగు పాతబడిందని అదీ మార్చాను. నడుము పని చేయలేదు, వేళ్లు బోల్టుల మీద జారాయి. యవ్వనంలో ఒక్క పూటలో అయ్యే పని. చివరికి స్టార్టు చేసి నిలబెడితే బండి మళ్లీ వణికింది. మళ్లీ స్లో పెంచి, "ఇప్పుడు చూడు," అని పంపాను. బస్టాండు సిగ్నలు దగ్గర రెండుసార్లు బందయిందని మరుసటి రోజే తిరిగి తెచ్చాడు.

అప్పుడు పెట్టె అడుగు నుంచి మీటరు తీశాను. దాని అద్దం మీద తుప్పు మరక ఉంది. రబ్బరు ట్యూబు ఎండి చిట్లిపోతే కొత్తది తెచ్చి వేశాను. గాలి గొట్టానికి ఉన్న చిన్న బోల్టు విప్పి, అక్కడ ట్యూబు తగిలించి, ఇంజను స్టార్టు చేయమన్నాను. ముల్లు లేచి పదమూడు దగ్గర ఆగింది. వణకలేదు, ఊగలేదు. అక్కడే నిలబడింది.

"ఎంత ఉండాలె?" అని అడిగాడు ఆయన.

"సముద్రం దగ్గరి ఊళ్లల్లయితే ఇరవై దాకా చూపిస్తది. మన జాగా ఎత్తు మీదుంటది గదా, ఒకటి ఒకటిన్నర తక్కువ చూపిస్తది. పాత ఇంజను కాబట్టి ఇంకొకటి తీసెయ్. పదిహేడుంటే చాలు."

"అంటే నాలుగు తక్కువ."

"ఆఁ."

ముల్లు కొట్టుకుంటూ ఉంటే ఒక వాల్వు చెడిందని అర్థం. మెల్లగా ఊగితే మిక్చర్ తప్పిందని అర్థం. ఇలా తక్కువలో కదలకుండా నిలబడితే మూడే కారణాలు. నిప్పురవ్వ ఆలస్యంగా పడుతుండాలి, లేదా ఎక్కడినుంచో లెక్కలో లేని దొంగగాలి లోపలికి పోతుండాలి, లేదా ఇంజను మొత్తం అరిగిపోయి ఉండాలి. మూడోది కాకూడదని ఇద్దరమూ కోరుకున్నాం. కంప్రెషన్ చూశాను. నాలుగు సిలిండర్లలోనూ ఒక్కటిగానే, సరిపోయేంత ఉంది. అయితే నిప్పురవ్వ టైమింగు చూద్దామని డిస్ట్రిబ్యూటర్‌ను కొంచెం తిప్పాను. ముల్లు ఒక్క గీత లేచింది. అంతే. ఇంజను ఆపమని, ఫ్యాను బెల్టు తిరిగే పుల్లీ మీద ఉన్న గుర్తు కనబడటం లేదని గుడ్డతో తుడవడానికి చెయ్యి లోపల పెట్టాను.

బానెట్ లేచి ఉంది. ఆయన లోపల సీట్లో ఉన్నాడు. ఒకరికొకరం కనబడం. ఆయన లోపలినుంచి ఏదో అన్నాడు. ఏమన్నాడో నాకు తెలియలేదు. అలవాటుగా "ఆఁ" అన్నాను.

ఆయన అడిగింది, సెల్ఫ్ కొట్టాల్నా అని.

ఫ్యాను రెక్క గుడ్డను లాక్కుంది, దాంతో పాటు నా ఎడమ చేతి రెండు వేళ్ల కొసలను తాకింది. నొప్పి వెంటనే తెలియలేదు. రేడియేటర్ మీద ఎర్రగా చిమ్మడం చూశాను. వెనక్కి జరిగి నేల మీద కూర్చున్నాను. ఆయన ఇంజను ఆపి దిగి వచ్చి, నా చెయ్యి చూసి, తన భుజం మీద తువ్వాలు తీసి గట్టిగా చుట్టాడు. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాడు. ఎముక బతికింది. రెండు వేళ్లకు కలిపి ఏడు కుట్లు పడ్డాయి.

దవాఖాన వరండాలో సూది మందు కోసం కూర్చున్నప్పుడు ఆయన నాకు ఎదురుగా వచ్చి కూర్చున్నాడు, పక్కన కాదు. నా మొహం చూస్తూ, మెల్లగా, ఒక్కో మాట విడదీసి అడిగాడు.

"నీకు ఇనవడ్తలేదు గదా తమ్మీ?"

నేను "ఆఁ" అనలేదు. తల దించుకున్నాను.

"ఎన్ని దినాలైంది?"

"మూడేండ్లు."

"ఇంట్ల తెల్సా?"

"ఆమెకు తెల్సు. నేనే ఒప్పుకుంటలేను."

కోపం వస్తుందని అనుకున్నాను. కట్టంగూర్‌లో ఆయన పడ్డ అవమానం నా చెవుల వల్లనే గదా. ఆయన కోప్పడలేదు, తన సంగతి చెప్పాడు. అది ఆయన అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదట.

"నా సర్వీసుల ఆఖరి రెండేండ్లు నాకు చీకట్ల కండ్లు కనవడకపోతుండె. ఎదురుంగ లైట్లొస్తే రోడ్డే మాయమయ్యేది. చెప్తే డ్యూటీ తీసేస్తరు, ఆఫీసుల కూసోవెడ్తరు. పిల్ల పెండ్లి ఉండె. చెప్పలే. సారు వెనక నిద్రపోతుండె. నేను ముంగట తెల్లగీత వట్టుకొని భయంతోని నడుపుతుంటి. ఒకనాడు నకిరేకల్ దాటినంక రోడ్డు మీద గొర్లమంద. ఇంత దూరంల ఆగిన." చేతులతో మూరెడు దూరం చూపించాడు. "సారు లేవలే. గొర్లు గాసే ముసలాయన నా దిక్కు సూసిండు. మా నాయిన సూసినట్టే సూసిండు. గా మొకం నాకింకా యాదికున్నది."

"తర్వాత చెప్పినవా?"

"లే. రిటైరయ్యేదాక గట్లనే నడిపిన. దేవుడు సల్లగ జూసిండు. నిన్ను అనెటందుకు నాకు మొకం లేదు. కని చెయ్యి పోతుండె గదా తమ్మీ."

ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, మా ఆవిడతో జరిగింది జరిగినట్టు ఆయనే చెప్పాడు. ఆమె ఏడవలేదు. నన్ను తిట్టనూ లేదు. అన్నం కలిపి ముద్దలు చేసి ప్లేటులో పెట్టి, "కుడిచేయి మంచిగనే ఉన్నది గదా, తిను," అంది. ముద్దలు చేసి ఎందుకు పెట్టిందో నేను అడగలేదు.

మూడు రోజులకు నేను షెడ్డు తీశాను. కట్టు విప్పలేదు, ఒక్క చేత్తో చేసేదేమీ లేదు. కానీ బండి అక్కడే ఉంది, ఆయనకు భువనగిరిలో పెళ్లి ఒప్పుకుని ఉంది. ఆయన వచ్చాడు. మా ఆవిడ కూడా వస్తానంది. ఆమె నా షెడ్డులోకి టిఫిను ఇవ్వడానికి తప్ప ఎన్నడూ రాలేదు. నేత పనివాళ్ల ఇంట్లో పుట్టింది. పెళ్లయిన కొత్తలో మా నాయిన మగ్గానికి నూలు కండెలు చుట్టేది. మగ్గాలు పోయాక బట్టలు కుట్టింది. ఆమె చెవులకు ఇప్పటికీ పక్కింట్లో గిన్నె కిందపడితే ఏ గిన్నెనో తెలుస్తుంది.

"నేనేం జెయ్యాలె?" అంది.

పెట్రోలు పోసే రబ్బరు ట్యూబు మూరెడు కోసి ఆమె చేతికిచ్చాను. ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస నేను చూపించిన చోటల్లా పెట్టమన్నాను. బుస్సుమనే చప్పుడు ఎక్కడ వినబడుతుందో చెప్పాలి. ఆమె చీర కొంగు నడుముకు గట్టిగా చెక్కి, ఫ్యానుకు దూరంగా, పక్కనుంచి వంగింది. ఆయన స్టార్టు చేసే ముందు బానెట్ పక్కకు వచ్చి, మా ఇద్దరి చేతులూ ఎక్కడున్నాయో చూసి, పోయి కూర్చున్నాడు.

ముల్లు పద్నాలుగు దగ్గర నిలబడింది. టైమింగు సరిచేశాను గనక ఆ ఒక్కటి ఎక్కువ.

"ఈడ టకటక అంటాంది," అంది ఆమె.

"అవి టాపెట్లు. గట్లనే ఉంటది. ఇంకా వెనక్కి."

కొత్త ప్యాకింగు వెంబడి ట్యూబు జరిపింది. తల అడ్డంగా ఊపింది. గొట్టాల వెంబడి జరిపింది. ఏమీ లేదు. కార్బరేటర్ పైభాగంలో గాలి పీల్చే చోట పెద్ద చప్పుడు వస్తుంది, అది మామూలే, దాన్ని వదిలేయమన్నాను. ట్యూబు కిందికి దించి కార్బరేటర్ పక్కన, యాక్సిలరేటర్ తీగ వచ్చి కలిసే కడ్డీ దగ్గర పెట్టింది. అక్కడ ఆగింది. కళ్లు చిన్నవి చేసింది.

"ఏంది?" అన్నాను.

నా వైపు తిరిగి, నాకు కనబడేట్టు పెదవులు కదుపుతూ చెప్పింది. "ఈడ పాము బుసకొట్టినట్టు అంటాంది. సన్నగ. ఆగకుండ."

ఆ కడ్డీ కార్బరేటర్ లోపలికి పోతుంది. లోపల దాని మీద ఒక గుండ్రటి రేకు ఉంటుంది. మనం కాలితో తొక్కితే కడ్డీ తిరిగి, రేకు తెరుచుకుని, గాలి లోపలికి పోతుంది. నేను గ్రీజు డబ్బా తీసుకుని, కుడిచేతి వేలితో ముద్దంత గ్రీజు ఆ కడ్డీ చుట్టూ పులిమాను. మీటరు వైపు చూశాను. ముల్లు కదిలింది. పదిహేను దాటింది, పదహారు. పది లెక్కపెట్టేలోపు ఇంజను ఆ గ్రీజును లోపలికి పీల్చుకుంది, ముల్లు మళ్లీ దిగి పద్నాలుగుకు వచ్చింది.

ఇంజను ఆపమని సైగ చేశాను. కడ్డీని వేళ్లతో పట్టుకుని ఊపితే వదులైన పన్ను కదిలినట్టు కదిలింది. ఏళ్ల తరబడి తిరిగీ తిరిగీ కడ్డీ అరిగింది, అది కూర్చునే రంధ్రం అరిగింది. ఆ సందులోంచి గాలి లోపలికి దూరుతోంది. ఆ కార్బరేటర్‌ను నేను ఆ నెలలోనే నా చేతులతో విప్పి కడిగాను. ఒక్కసారి ఊపి చూస్తే తెలిసేది. చెవికి అందనిది ఉంటుందని ఒప్పుకోలేదు కాబట్టి చేత్తో వెతకలేదు.

"దొరికిందా?" అని ఆయన వచ్చి అడిగాడు.

"దొరికింది. చెల్లె పట్టింది," అన్నాను ఆయన మాట వరసలో. ఆయన మా ఆవిడను చెల్లె అని పిలుస్తాడు.

ఆమె చెవి తుడుచుకుంటూ, "చెవుల పెట్రోలు వాసనొస్తాంది," అంది.

లేత్ మిషన్ ఉన్న మనిషి మా వీధి చివరన ఉన్నాడు. బోరు మోటార్ల పని మీద మునిగి ఉన్నాడు, రెండు రోజులు ఆగమన్నాడు. ఆగాం. ఇత్తడి ముక్క కోసి గొట్టాల్లాంటి రెండు చిన్న బుష్షులు చేసి, కొత్త కడ్డీ నూరి ఇచ్చాడు. రంధ్రాన్ని పెద్దది చేసి బుష్షు దించేటప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఆ కార్బరేటర్ పగిలితే అలాంటిది దొరకదు. ఒక చేయి కట్టుతో ఉంది. ఆయన రెండు చేతులతో కార్బరేటర్ పట్టుకున్నాడు, నేను ఒక చేత్తో తిప్పాను. మధ్యలో నాలుగుసార్లు ఆగి నీళ్లు తాగాం. బుష్షులు దిగి, కడ్డీ దూర్చి, రేకు బిగించి తిప్పితే నూనె రాసిన బొంగరంలా తిరిగింది.

స్లో సెట్టింగు నేను చేయలేదు. స్క్రూడ్రైవరు ఆయన చేతికిచ్చాను. నేను మీటరు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఇంజను బాగా వేడెక్కే దాకా ఆగాం, చల్లటి ఇంజను మీద సెట్టింగు చేస్తే అబద్ధం చెబుతుంది. ముల్లు పదహారు దగ్గర ఉంది.

"మిక్చర్ స్క్రూ జర బయటికి తిప్పు. పావు చుట్టు."

ముల్లు పదహారున్నరకు పోయింది.

"ఇంకో పావు."

పదిహేడు.

"ఇంకొంచెం."

ముల్లు పైకి పోలేదు, మెల్లగా ఊగడం మొదలైంది.

"ఎక్కువైంది. వెనక్కి రా. ఆగు. గంతే."

అప్పుడు రెండో స్క్రూతో స్లో వేగం తగ్గించాం. వేగం తగ్గగానే మిక్చర్ మళ్లీ కొంచెం తప్పుతుంది. మళ్లీ ఇది, మళ్లీ అది. నాలుగైదు సార్లు ఆ రెండింటి మధ్య తిరిగాం. చివరికి ముల్లు పదిహేడుకు ఒక గీత పైన నిలబడింది. ఆయన ఇంజను మీదినుంచి లేచి, ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడి విన్నాడు. నేను వినలేదు. ఆయన మొహం చూశాను. స్క్రూడ్రైవరును తువ్వాలుతో తుడిచి, పిడి నా వైపు పెట్టి ఇచ్చాడు.

భువనగిరి పెళ్లికి నన్ను కూడా రమ్మన్నాడు. దారిలో బందయితే చూసుకోవడానికని నేను అనుకున్నాను. ఆయన ఆ మాట అనలేదు. పొద్దున పదిన్నరకు ఎదురుకోళ్లు మొదలయ్యాయి. ఊరి మీద ఆ పెద్ద బండరాయి అప్పటికే తెల్లగా మెరుస్తోంది, దాని సెగ రోడ్డు మీదికి దిగుతోంది. బ్యాండు చప్పుడు నా చెవులకు కూడా గట్టిగానే వినిపించింది. కారు చుట్టూ బంతిపూల దండలు. పెళ్లికొడుకు లోపల చెమటలు తుడుచుకుంటున్నాడు. నేను కారు పక్కన, ముందు చక్రం పైన మడ్‌గార్డు మీద కుడిచేయి ఆనించి నడిచాను. ఇంజను తిరగడం అరచేతికి తెలుస్తోంది. ఎక్కడైనా తప్పుతుందేమోనని ఆ చేయి తీయలేదు. రేకు కాలుతోంది, అయినా తీయలేదు.

ఒక మూల మీద దోస్తులు ఎగరడం మొదలుపెట్టి ఇరవై నిమిషాలు కదలనివ్వలేదు. బండి ఉన్నచోటనే నిలబడి తిరిగింది. ఆయన స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, తెల్ల చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని, సర్కారు డ్యూటీలో ఉన్నట్టు నిటారుగా కూర్చున్నాడు. గంటన్నరలో బండి ఒక్కసారి కూడా బందు కాలేదు. హాలు ముందు పెళ్లికొడుకు దిగాక అమ్మాయి తరఫు వాళ్లు హారతి ఇచ్చారు, పూలు చల్లారు, ఫోటోలు తీశారు. కారును ఎవరూ పట్టించుకోలేదు. అదే కావాలి మాకు.

నేను సంతోషిస్తానని అనుకున్నాను. సంతోషం కలగాల్సిన చోట నిద్ర వచ్చింది. మోకాళ్లు పట్టేశాయి. ఫంక్షన్ హాలు వెనక వంటవాళ్లు ఉల్లిగడ్డలు కోసే అరుగు మీద కూర్చుని, గోడకు ఆనుకుని, భోజనాలకు పిలిచేదాకా కళ్లు మూసుకున్నాను.

ఆ నెలలోనే మా ఆవిడ నన్ను దవాఖానకు తీసుకుపోయింది. ఒక గదిలో కూర్చోబెట్టి చెవులకు ఏదో తగిలించి, చప్పుడు వినబడగానే చెయ్యెత్తమన్నారు. చాలాసేపు నేను చెయ్యెత్తలేదు. అప్పుడు గాజు తలుపు అవతల, బొత్తాలు నొక్కుతున్న మనిషి పక్కన నిలబడిన మా ఆవిడ మొహం చూసి, చప్పుళ్లు వస్తున్నాయని తెలుసుకున్నాను. చెవి మిషను ఇచ్చారు. ఇంట్లో పెట్టుకుంటాను. షెడ్డులో పెట్టుకుంటే సుత్తి దెబ్బ తలలో పడుతుంది, అందుకని తీసి చొక్కా జేబులో వేసుకుంటాను. వచ్చినవాళ్లకు ముందే చెబుతున్నాను, నాకు వినబడదు, ఎదురుగా నిలబడి చెప్పండి అని. ఇద్దరు ముగ్గురు రావడం మానేశారు. మిగతావాళ్లు ఎదురుగా నిలబడి చెబుతున్నారు.

పెళ్లిళ్ల రోజులు మొదలయ్యే ముందు ఆయన ప్రతిసారీ బండి తెస్తాడు. మీటరు తగిలిస్తాను. పోయినసారి ముల్లు పదహారు దగ్గర నిలబడింది. దొంగగాలి ఎక్కడా లేదు, అన్ని చోట్లా చూశాను. కంప్రెషన్ తగ్గుతోంది. ఈసారి అరుగుతున్నది ఇంజనే.

ఆ మాట దాచకుండా చెప్పాను.

"ఇంకెన్ని దినాలు నడుస్తది?" అని అడిగాడు.

"స్లో జర పెంచుకుంట పోతే రెండు సీజన్లు. ఇంకొక్కటి ఎక్కువనే నడవొచ్చు."

"గంత సాలు తియ్," అన్నాడు ఆయన. బానెట్ మెల్లగా దించి, రెండు చేతులతో నొక్కి మూశాడు.